పెట్టె మీద ముద్ర

మట్టి ముద్దలు మాయమవుతున్నాయని మొదట కనిపెట్టింది బొమ్మలక్క. తవ్వకంలో దొరికిన ప్రతి వస్తువుకూ బొమ్మ గీయడం ఆమె పని. అందుకే అందరూ ఆమెను అలా పిలిచేవారు. ఆ ఉదయం ఆమె ఒక ట్రే పట్టుకుని షెడ్డులోంచి ఎండలోకి వచ్చింది. చాప మీద కుండ పెంకులు తిరగేస్తున్న నా ముందు నిలబడింది.

"ఇందులో పెంకులతో పాటు ఒక మట్టి ముద్ద ఉండాలి. నిన్న సాయంత్రం నా కళ్ళతో చూశాను. ఏది?"

బయటివాళ్ళు ఏమైనా అడిగితే నేను నోరు విప్పను. తల అడ్డంగా ఊపాను. తొట్టి దగ్గర కూర్చున్న అమ్మ బ్రష్ ఆపి, "పిల్లకేం తెలుసమ్మా? నాకు పెంకులే కనపడ్డాయి, పెంకులే కడిగాను," అంది.

"మరి ముద్దకు కాళ్ళొచ్చాయా?"

బొమ్మలక్క షెడ్డు తలుపు వైపు చూసింది. అక్కడ మా మామయ్య తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. ఆమె అటు ఎందుకు చూసిందో నాకు అర్థమైంది. నాకు అర్థమైనట్టే అమ్మకూ అర్థమై ఉంటుంది, ఎందుకంటే ఆ తర్వాత ఆమె పెంకుల్ని మామూలు కంటే గట్టిగా రుద్దింది.

మా ఇంటికి దగ్గర్లోనే ఆ దిబ్బ. దాన్ని తవ్వి, పాతకాలపు గోడలు బయటికి తీస్తున్నారు. దొరికిన పెంకులు, పూసలు, చిన్నాచితకా వస్తువులు ట్రేలలో షెడ్డుకు వస్తాయి. సాయంత్రం అమ్మ ఒక్కో ట్రేలోవి అలాగే ఒక్కో జాలీ బుట్టలో గుమ్మరించి, బుట్టకు ఆ ట్రే నంబరు చీటీ కట్టి, షెడ్డు లోపలి తొట్టి నీళ్ళలో దించి వెళ్ళిపోతుంది. రాత్రంతా నానితే మట్టి వదులుతుంది. పొద్దున వచ్చి బుట్టలు బయటి తొట్టి దగ్గరికి తెచ్చి ఒక్కొక్కటే బ్రష్‌తో రుద్ది కడుగుతుంది. కడిగినవి చాపల మీద ఆరబెట్టి తిరగేయడం నా పని. బడికి సెలవులు కాబట్టి నన్ను కూడా తీసుకెళ్ళేది. మామయ్య అమ్మకు తమ్ముడు, పెళ్ళి కాలేదు, మాతోనే ఉంటాడు. షెడ్డుకు కాపలా అతనే. రాత్రి తాళం వేసేదీ అతనే, పొద్దున తీసేదీ అతనే.

ముద్దలంటే ఏవో ఉత్త ముద్దలు కావు. షెడ్డు తలుపు పక్కన గోడకు ఆనించి ఒక పెద్ద చెక్కుడు రాయి ఉండేది. దాని పైభాగంలో మెడ వెనక్కి తిప్పి చూస్తున్న పక్షి, కింద వరుసలుగా అక్షరాలు. ఆ అక్షరాలు తవ్వకం నడిపించే పెద్దసారు ఒక్కరే చదవగలరు. ఒకసారి టీ తాగుతూ పనివాళ్ళందరికీ దాని కథ చెప్పారు. ఆ దిబ్బ కింద ఉన్నది ఒకప్పుడు సరుకు దాచే కొట్లట. అప్పట్లో తాళాలు లేవు. తలుపుకు తాడు కట్టి, ముడి మీద తడి మట్టి అద్ది, దాని మీద ముద్ర నొక్కేవారట. ఎవరైనా తలుపు తెరిస్తే మట్టి పగులుతుంది, దొంగతనం బయటపడుతుంది. అలా ముడుల మీద అద్దిన ముద్దలే మాకు దొరికేవి. వాటి మీద కూడా అదే పక్షి.

"ఈ రాతి మీద చివరి వరుస ఏమిటో తెలుసా?" అన్నారు పెద్దసారు. "ముద్ర చెదిరితే కొట్టు కాపరిదే జవాబు అని."

మట్టిని జల్లెడ పట్టే తాత పకపకా నవ్వాడు. "అంటే అప్పట్నుంచీ ఒకణ్ణొకడు నమ్మి చావలేదన్నమాట."

"అది కాదు తాతా," అన్నాడు మామయ్య, "అప్పట్నుంచీ అన్నీ కాపలావాడి మెడకే చుడుతున్నారన్నమాట."

అందరూ నవ్వారు. పెద్దసారు కూడా నవ్వారు. ముద్దలు మాయం కావడం మొదలయ్యాక ఆ మాట గుర్తు చేసుకుని ఎవరూ నవ్వలేదు.

కిందటి ఏడు దొరికిన ముద్దలు ఎంత కడిగినా చెక్కుచెదరలేదు. అమ్మ చేతిలో పక్షి ఈక ఈకా తేలి కనపడేది. పెద్దసారు వాటిని వచ్చినవాళ్ళందరికీ చూపించి, "కడిగిన చెయ్యి ఈవిడది," అనేవారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఈ ఏడు పక్క గది తవ్వుతున్నారు. ముద్దలు దొరుకుతున్నాయి, ట్రేలో పడుతున్నాయి, సాయంత్రం షెడ్డుకు చేరుతున్నాయి, పొద్దున ఉండటం లేదు.

రెండోది పోయినప్పుడు బొమ్మలక్క మా అందరి డబ్బాలూ సంచులూ చూసింది. మూడోది పోయినప్పుడు తాత జేబులు తిరగేయించారు. తాత జేబుల్లో రెండు బీడీలు, ఒక గుండీ దొరికాయి. "గుండీ నాదేనమ్మా, చొక్కా చూడు, అక్కడ ఖాళీ," అన్నాడు. ఎవరూ నవ్వకపోతే ఆయనే కాసేపు నవ్వి ఊరుకున్నాడు.

నేను మాట్లాడను కాబట్టి నేనున్నానన్న సంగతి అందరూ మరిచిపోతారు. అందుకే నాకు చాలా కనపడతాయి. మొదట బొమ్మలక్క మీదే కన్నేశాను. పోయిన వస్తువుని ముందుగా కనిపెట్టేది ఆమె, దొరికినప్పుడు ముందుగా చూసేదీ ఆమే. తర్వాత తాత మీద. ఆయన ఆ గుండీని చొక్కాకు కుట్టించుకోకుండా జేబులో ఎందుకు పెట్టుకు తిరుగుతున్నాడు? ఇలా ఒక్కొక్కరినీ అనుమానించి, ఎవరినైతే అనుమానించకూడదని అనుకున్నానో చివరికి అక్కడికే వచ్చాను.

మామయ్య మారిపోయాడు. ఇదివరకు అతని రేకు పెట్టెకు తాళం ఉండేది కాదు. అందులో మడత చొక్కాలు, ఒక పాత రేడియో, అంతే. ఇప్పుడు తాళం. తాళంచెవి మొలతాడుకు. రోజూ పనికి వెళ్ళే ముందు మాకు వీపు పెట్టి కూర్చుని, పెట్టె తెరిచి, ఏదో తీసి చొక్కా లోపల పెట్టుకుంటాడు. సాయంత్రం మళ్ళీ అలాగే కూర్చుని లోపల పెట్టేస్తాడు. షెడ్డులో ఎవరూ లేరనుకున్నప్పుడు ట్రే తీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, తలుపుకు వీపు పెట్టి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూస్తాడు. అడుగుల చప్పుడు వినిపిస్తే గబుక్కున దించేస్తాడు.

తాత కూడా అది చూశాడు. "మీ మామయ్య వాసన చూసి కాపలా కాస్తున్నాడే అమ్మాయ్," అన్నాడు నాతో. నాకు నవ్వు రాలేదు.

ఒక మధ్యాహ్నం అమ్మ సబ్బు కోసం నన్ను బజారుకు పంపింది. పాత సామాన్ల దుకాణం ఉన్న సందులోంచి మామయ్య బయటికి రావడం చూశాను. ఇత్తడి గంటలు, విరిగిన విగ్రహాలు, పాత నాణేలు అమ్మే దుకాణం అది. అతను నన్ను దాటుకుని వెళ్ళాడు. నేను చేతికందేంత దూరంలో ఉన్నాను. నన్ను చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయాడనుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర అమ్మ అడిగింది. "మధ్యాహ్నం ఎక్కడికెళ్ళావురా?"

"ఎక్కడికీ లేదు. షెడ్డు దగ్గరే."

"అన్నం డబ్బా అలాగే తిరిగొచ్చింది. తినలేదు."

"ఆకలి లేదక్కా. అన్నీ అడుగుతావేం, ఆ బొమ్మలావిడలాగా?"

నేను సందులో చూసింది అమ్మకు చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. చెప్పకపోతే నా ఒక్కదాని కడుపులోనే ఉంటుంది, నిజమో కాదో తేలదు.

అప్పుడు నాకు ఆ రాయి గుర్తొచ్చింది. తలుపు తెరిచారో లేదో తెలుసుకోవడానికి పాతకాలం వాళ్ళు ఏం చేసేవారో పెద్దసారు చెప్పారు కదా. పెట్టె లోపల ఏముందో చూడటం నా వల్ల కాదు. కానీ పట్టపగలు, అతను పనిలో ఉండాల్సిన వేళ, పెట్టె తెరుస్తున్నాడో లేదో తెలుసుకోవచ్చు. పొద్దున ముద్ర పెట్టి, వీలైనప్పుడల్లా ఇంటికొచ్చి చూసుకోవాలి. అది పగలకుండా ఉంటే అతను ఏ తప్పూ చేయనట్టే అని నాకు నేనే ఒక లెక్క పెట్టుకున్నాను. రోజూ పొద్దున తెరుస్తాడు కదా అన్న సంగతి కూడా ఆలోచించాను. తెరిచాడంటే దాచాల్సింది ఏదో ఉన్నట్టు. తెరవలేదంటే మట్టి చూసి భయపడ్డట్టు. ఎటు తిరిగినా అతను తప్పించుకోలేడు. ఇప్పుడు ఆలోచిస్తే అది పరీక్ష కాదు, తీర్పు.

మట్టి తొట్టి అడుగు నుంచి తెచ్చాను. నీళ్ళు పారబోశాక అడుగున మిగిలే బురద ఈ ఏడు చాలా మెత్తగా, పసుపు రంగులో వెన్నలా ఉండేది. పిసికితే పగుళ్ళు లేకుండా సాగేది. ముందు ఒక ఉండ చేసి, నా గౌను గుండీతో నొక్కి చూశాను. గుండీ అంచూ నాలుగు కన్నాలూ స్పష్టంగా పడ్డాయి. దాన్ని కిటికీ గట్టు మీద పెడితే ఎండి రాయిలా అయింది. సరిపోతుందనుకున్నాను.

మర్నాడు మామయ్య బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుండగా, పెట్టె మూత అంచునూ పెట్టెనూ కలుపుతూ, తాళానికి కిందుగా, ఇంత మట్టి అద్ది గుండీతో నొక్కాను. చేతులు గౌనుకు తుడుచుకుని, చీపురు పట్టుకుని నిలబడ్డాను.

అతను తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, మామూలుగా వీపు పెట్టి కూర్చున్నాడు. తాళం కోసం చెయ్యి చాపాడు. చెయ్యి ఆగింది. వేలితో ఆ మట్టిని మెల్లగా తడిమాడు. ఒకసారి, ఇంకోసారి. తర్వాత తాళం ముట్టుకోకుండా లేచి, ఎవరినీ చూడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

భయపడ్డాడు, అనుకున్నాను. కొంచెం గెలిచినట్టు కూడా అనిపించింది.

ఆ రోజే పెద్దసారు ట్రేలన్నీ లెక్క చూస్తామన్నారు. ఇంకో ముద్ద పోయింది. షెడ్డులో బల్ల దగ్గర ఆయనా బొమ్మలక్కా కూర్చున్నారు. మామయ్య ఒక్కో ట్రే తీసి, దాని మీద నంబరు పైకి చదివి, బల్ల మీద పెట్టాలి. నేను తలుపు బయట చాప దగ్గర ఉన్నాను.

"పదిహేడు," అన్నాడు మామయ్య.

"చేతిలో ఉన్నది పదకొండు," అంది బొమ్మలక్క.

"ఆ, పదకొండు. ఇది... ముప్ఫై."

"ముప్ఫై ఎనిమిది."

"సిరా చెదిరిపోయిందమ్మా."

"ఎక్కడ చెదిరింది? నాకు ఇక్కడ్నుంచే కనపడుతోంది."

మామయ్య ట్రే కిటికీ వైపు తిప్పాడు. చెమట మెడ మీద నుంచి కారుతోంది. తర్వాతి నంబరు కూడా తప్పే చెప్పాడు. పెద్దసారు కుర్చీలోంచి లేచారు.

"రోజూ నువ్వే సర్దుతావు. రోజూ నువ్వే తాళం వేస్తావు. ఇవాళ నంబర్లు తారుమారు చేస్తున్నావు. దేన్ని ఎక్కడ దాచావో కనపడకూడదనా?"

"నేనెందుకు దాస్తాను సార్?"

"అది నువ్వు చెప్పాలి." ఆయన చెయ్యి చాపారు. మామయ్య వేలికున్న తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. "రేపు మధ్యాహ్నం వరకూ చూస్తాను. ముద్దలు తిరిగొస్తే సరే. లేకపోతే పోలీసులకు చెప్పక తప్పదు. అంతవరకూ నువ్వు ఇటు రావద్దు."

మామయ్య ఆ చెక్కుడు రాయి పక్కగా బయటికి నడిచాడు. గడప తట్టుకుని తూలాడు. అమ్మ తొట్టి దగ్గర నుంచి లేచి నిలబడింది. ఆమె మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. అతను ఆమెను కూడా దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మేం ఇంటికి వచ్చేసరికి అతను బయటి గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను మెల్లగా వెళ్ళి పెట్టె చూశాను. ముద్ర లేదు. తాళం చుట్టూ శుభ్రంగా ఉంది.

వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను. "అమ్మా, మామయ్యే."

"ఏం మామయ్యే?"

"పగలు ఇంటికొచ్చి పెట్టె తెరిచాడు. ఏదో తీసేసి ఉంటాడు."

అమ్మ పొయ్యి తగ్గించింది. "నువ్వు నా వెంటే ఉన్నావు కదే. తెరవడం నీకెలా కనపడింది?"

చెప్పాను. సందులో చూసిందీ, మట్టీ, గుండీ, అన్నీ. అమ్మ మొహం వినేకొద్దీ ఎర్రబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"ఆ మట్టా? అది తీసింది వాడు కాదు, నేను. మధ్యాహ్నం గిన్నె కోసం ఇంటికొచ్చి, పెట్టెకేదో అంటుకుందని తడిగుడ్డ పెట్టాను. గట్టిగా ఎండిపోయిందేమో గోకాలి కాబోలు అనుకున్నా. గుడ్డ తగలగానే కరిగిపోయింది. నీ సొంత మామయ్యనే, నీ..."

మిగతా తిట్లు నాకు వినపడలేదు. కరిగిపోయింది అన్న మాట దగ్గరే ఆగిపోయాను.

కిటికీ గట్టు మీద నేను ముందు చేసిన ఉండ ఇంకా ఉంది. తెచ్చి అమ్మకు చూపించాను. "ఇది చూడు. రాయిలా లేదూ?" గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేశాను. అది మునిగి అడుగుకు చేరింది. చిన్న చిన్న బుడగలు వచ్చాయి. ముందు గుండీ కన్నాలు పోయాయి. తర్వాత అంచు పోయింది. చూస్తుండగానే ఉండ కూర్చున్న చోటే చతికిలబడి, గిన్నె అడుగున పసుపు బురదై పరుచుకుంది. ఆ బురద అమ్మకు బాగా తెలుసు. ఈ ఏడు రోజూ పొద్దున తొట్టి నుంచి చేత్తో తోడి గోడ పక్కన పారబోస్తున్నది అదే.

అమ్మ నేల మీద కూర్చుంది.

"కిందటేడు ఎన్ని కడిగాను. ఒక్కటి కరగలేదే."

"నాకు తెలీదమ్మా."

"రాత్రంతా నానబెట్టేదాన్ని. వాడు తాళం వేసుకుని ఇంటికొచ్చేస్తే, లోపల తొట్టిలో..." ఆమె తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "అంటే దొంగని నేనా?"

"దొంగతనం కాదు కదా అమ్మా."

"దొంగతనమైతే తిరిగిచ్చేద్దుం."

ఊరుకుంటే మామయ్య దొంగగా మిగిలిపోతాడు. చెబితే, కడిగిన చెయ్యి ఈవిడది అని పెద్దసారు అందరికీ చూపించిన అమ్మ చేతులే వాటిని మట్టి చేశాయని తెలుస్తుంది. ఆ పని పోయినా పోతుంది. అమ్మ ఇవన్నీ ఆలోచిస్తోందని నాకు తెలుస్తోంది. నేను కూడా అదే ఆలోచించాను. ఊరుకుందామా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. గోడ అవతల మంచం కిర్రుమంది.

అమ్మ లేచి గిన్నె కడిగింది. "పొద్దున నువ్వు చెప్పు. ఆయన ముందు నాకు నోరు పెగలదు."

"నాకు మాత్రం పెగులుతుందా?"

"పెట్టె మీద మట్టి పెట్టేంత ధైర్యం ఉంది కదా. దానికంటే ఇదేం పెద్దది కాదు."

రాత్రి మిగిలిన మట్టితో ఇంకో ఉండ చేసి, గుండీతో నొక్కి, పొయ్యి పక్కన వెచ్చగా ఉండే చోట ఆరబెట్టాను. పొద్దున దాన్నీ ఒక గాజు గ్లాసునూ పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. పెద్దసారు బల్ల దగ్గర ఒక్కరే ఉన్నారు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళినదంతా తలుపు దగ్గరే పోయింది. గ్లాసులో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టాను. ఉండ ఆయన చేతికిచ్చాను.

"ఏమిటిది? గుండీయా?" అన్నారు ఆయన. గోరుతో గీకి చూశారు. "గట్టిగానే ఉందే."

"గ్లాసులో వేయండి సార్," అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

వేశారు. నేను గ్లాసును చూడలేదు, ఆయన మొహం చూశాను. మొదట విసుగు. తర్వాత ఏమీ లేదు. తర్వాత ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, అరచేతులతో కళ్ళు నొక్కుకున్నారు. ఇంతలో బొమ్మలక్క వచ్చింది. వెనకే అమ్మ. అమ్మ గుమ్మం దాటలేదు.

"కిందటేటి గది తగలబడిన గది," అన్నారు పెద్దసారు, కళ్ళు తెరవకుండానే. "బూడిద ఇంత మందాన ఉంది. ఆ మంటలో ముద్దలన్నీ కుండల్లా కాలిపోయాయి. కాలిన మట్టిని ఎన్నాళ్ళు నానబెట్టినా ఏమీ కాదు. ఈ ఏటి గదికి మంట అంటలేదు. అది నేను చూశాను. చూసి, రాసుకుని కూడా, ఎప్పటిలాగే కడగండి అని నేనే చెప్పాను."

"మరి తొట్టి అడుగు మట్టి?" అంది బొమ్మలక్క.

అందరం షెడ్డు వెనక్కి వెళ్ళాం. అమ్మ రోజూ పారబోసిన బురద గోడ వెంబడి ఎండి, పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. దాని మీద కుక్క నడిచిన అడుగులు ఉన్నాయి. ఎక్కడా పక్షి లేదు. బొమ్మలక్క వంగి ఒక పెచ్చు తీసుకుంది. అది ఆమె వేళ్ళ మధ్య పొడైంది. అమ్మ వైపు చూసి చేతులు దులుపుకుంది.

"దొంగ ఉన్నా బాగుండేది," అన్నారు పెద్దసారు. "ఎప్పటికైనా దొరికేవి."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె తల వంచుకుని, "మా తమ్ముణ్ణి పిలిపించండి సార్," అంది. అంతే అంది.

మామయ్య వచ్చేసరికి జల్లెడ తాత కూడా అక్కడ చేరాడు. పెద్దసారు జరిగింది చెప్పారు. తప్పు తనదే అని కూడా అన్నారు. మామయ్య వింటూ నిలబడ్డాడు కానీ, సంతోషించినట్టు ఏమీ కనపడలేదు.

"అంతా సరే. నిన్న నంబర్లు ఎందుకు తప్పు చదివావు?" అంది బొమ్మలక్క. ఆమెకు ఇంకా అనుమానం తీరలేదు.

మామయ్య చొక్కా లోపల చెయ్యి పెట్టి, కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. అద్దాలు మందంగా ఉన్నాయి. వాటి వెనక అతని కళ్ళు పెద్దవై, ఎవరివో కళ్ళలా ఉన్నాయి.

"కాపలావాడికి చూపు లేదంటే ఉంచుకుంటారా సార్? అందుకే దాచాను. దగ్గర్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకునేవాణ్ణి. సందులో కంటి డాక్టరు దగ్గరికి మధ్యాహ్నాలు వెళ్ళొచ్చేవాణ్ణి."

"అంటే వాసన చూడలేదన్నమాట," అన్నాడు తాత. "నేను ఊరంతా చెప్పుకున్నానే."

పాత సామాన్ల దుకాణం పైన మేడ మీద బోర్డు ఉంటుంది. కన్ను బొమ్మ వేసి ఉంటుంది దాని మీద. నేను ఆ సందులో ఎన్నోసార్లు వెళ్ళాను.

"మరి నిన్న లెక్క చూసేటప్పుడు పెట్టుకోవాల్సింది. ఉద్యోగం పోయే పరిస్థితి కదా," అన్నారు పెద్దసారు.

"నిన్న పెట్టెలో ఉండిపోయాయి సార్. తెరవడానికి వీలు కాలేదు."

ఆ మాట అంటూ అతను నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికే కష్టపడ్డాడని నాకు తెలిసింది. వేలితో తడిమినప్పుడే గుండీ అంచూ కన్నాలూ అతనికి తెలిసిపోయాయి. ఇంట్లో అలాంటి గుండీ ఉన్న గౌను నాదొక్కటే. ముద్ర పగలకుండా ఉంటే నేను నమ్ముతానని, దాన్ని అలాగే వదిలేసి, కళ్ళద్దాలు లేకుండా పనికి వెళ్ళాడు.

పెద్దసారు తాళంచెవి తిరిగిచ్చారు. అద్దాలు పెట్టుకునే కాపలా కాయమన్నారు. అమ్మను పని మాన్పించలేదు. ఈ గదిలోవి ఏవీ నీళ్ళలో వేయొద్దని, ముద్దలు దొరికితే పొడి కుంచెతో దులిపి బొమ్మలక్కకే ఇవ్వాలని చెప్పారు. అమ్మ సరేనంది. కానీ కడిగిన చెయ్యి ఈవిడది అని ఆయన మళ్ళీ ఎవరితోనూ అనలేదు. బొమ్మలక్క చాలా రోజులు అమ్మతో పని మాటలే మాట్లాడింది.

కొన్నాళ్ళకు ఇంకో ముద్ద దొరికింది. పొడి కుంచెతో దులిపింది అమ్మే. మట్టి రాలేకొద్దీ పక్షి మెడ కనపడింది, వెనక్కి తిరిగిన ముక్కు కనపడింది. ముద్దను తిప్పితే అడుగున తాడు ముడి గుర్తు, పక్కన ఎవరిదో బొటనవేలు నొక్కిన గుంట. అమ్మ తన వేలు అక్కడ పెట్టబోయి వెనక్కి తీసుకుంది. మామయ్య అద్దాలు సర్దుకుని చూసి, "కాపరి వేలే అయ్యుంటుంది," అన్నాడు.

ఇంట్లో నేను అతన్ని క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి అన్నం పెడుతూ, "మామయ్యా," అన్నాను.

"చెప్పవే."

"ఇంకొంచెం పెట్టనా?"

"చాలు."

అతను నా మీద కోపంగా లేడు. మునుపటిలాగే మాట్లాడతాడు, నా జడ లాగి ఏడిపిస్తాడు. కానీ ఆ పెట్టెకు తాళం తీసేశాడు. రోజూ పనికి వెళ్ళే ముందు మూత పూర్తిగా వెనక్కి తెరిచి, గోడకు ఆనించి వెళ్తాడు. లోపల మడత చొక్కాలు, పాత రేడియో, ఖాళీ కళ్ళద్దాల డబ్బా, అన్నీ గది మధ్యలో నిలబడితే కనపడతాయి. దుమ్ము పడుతుంది మూసెయ్యరా అని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినడు.

రోజూ పొద్దున ఆ గది ఊడ్చేది నేనే. అటు చూడకుండా ఊడవడం నాకు ఇంకా చేతకావడం లేదు.